రెండరింగుకు గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

గ్రాఫిక్స్ కార్డు అనగా కంప్యూటరు తెరపై కనిపించే బొమ్మలను తయారుచేయుటకు మదర్‌బోర్డుకు అమర్చే ప్రత్యేకమైన పరికరము. కంప్యూటరులో తయారుచేసిన త్రిమితీయ నమూనాకు కాంతి, నీడ, రంగు, ఉపరితల స్వభావము మొదలైనవి లెక్కగట్టి పూర్తి చిత్రముగా మార్చుటను రెండరింగు అంటారు. ఇల్లు కట్టకముందే యజమానికి చూపే ఎలివేషన్ చిత్రాలు, యానిమేషన్ చిత్రాలు రెండరింగు ద్వారానే తయారవుతాయి. కోస్గి వంటి చిన్న పట్టణాలలో తక్కువ పెట్టుబడితో నడిచే కార్యాలయాలకు కంప్యూటరు ఖర్చులో పెద్ద భాగము ఈ కార్డుదే కావచ్చు. కార్డును ఎంచుకొనేటప్పుడు వాడే సాఫ్ట్‌వేరు, కార్డులోని మెమొరీ, విద్యుత్ సరఫరా అనే మూడు అంశాలను ముందు చూడాలి. కార్డు వేగము వీటి తరువాత వస్తుంది.

చరిత్ర

1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 కార్డును విడుదల చేసి, జీపీయూ అనే పేరును ప్రచారములోకి తెచ్చింది. 2006లో ఏఎండీ సంస్థ కెనడాకు చెందిన ఏటీఐ సంస్థను కొనుగోలు చేసి ఈ రంగములో ప్రవేశించింది. 2007లో ఎన్విడియా విడుదల చేసిన కూడా సాధనాల వలన గ్రాఫిక్స్ కార్డును ఇతర గణనలకు వాడుట తేలికైంది. ఉచిత సాఫ్ట్‌వేరైన బ్లెండర్‌లో 2011 డిసెంబరులో సైకిల్స్ అనే రెండరింగు విభాగము చేరింది. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 20 శ్రేణి కార్డులలో కాంతి కిరణాల మార్గాన్ని లెక్కించే ప్రత్యేక భాగాలు ఉన్నాయి. 2022లో ఇంటెల్ సంస్థ ఆర్క్ కార్డులను విడుదల చేసింది.

పనిచేయు విధానము

ప్రాసెసరులో శక్తివంతమైన కోర్లు కొద్దిసంఖ్యలో ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డులో చిన్న కోర్లు వేలసంఖ్యలో ఉంటాయి. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో 3584 కోర్లు ఉన్నాయి. చిత్రములోని ఒక్కొక్క చుక్కను విడివిడిగా లెక్కించవచ్చు కనుక ఈ పని వేల కోర్లకు పంచుటకు అనువైనది.

సైకిల్స్ వంటి విధానాలలో ప్రతి చుక్క వద్ద అనేక కిరణాల సగటును తీసుకుంటారు. కిరణాలు తక్కువైతే చిత్రములో ఇసుక చల్లినట్లు మచ్చలు కనబడతాయి. ఈ మచ్చలను సగానికి తగ్గించాలంటే కిరణాలను నాలుగు రెట్లు పెంచాలి. మచ్చలను తొలగించే డీనాయిజర్ సాఫ్ట్‌వేర్లు వచ్చిన తరువాత తక్కువ కిరణాలతోనే శుభ్రమైన చిత్రము లభిస్తున్నది. అందుచేత తక్కువ వేగము గల కార్డు కూడా చాలా పనులకు సరిపోతున్నది.

సాఫ్ట్‌వేరును బట్టి అవసరము

- ఆటోక్యాడ్‌లో గీసే ద్విమితీయ నక్షాలకు ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. అయితే పేరు చివర ఎఫ్ అక్షరము గల ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ సౌకర్యము ఉండదు.
- కరోనా రెండరర్ ప్రధానముగా ప్రాసెసరుపైనే పనిచేస్తుంది. దీనిని వాడేవారు ఎక్కువ కోర్లు గల ప్రాసెసరుపై, ర్యామ్‌పై ఖర్చు పెట్టుట మేలు.
- వీ-రే ప్రాసెసరుపైనా, కార్డుపైనా పనిచేస్తుంది.
- లూమియన్, ట్విన్‌మోషన్ వంటివి గ్రాఫిక్స్ కార్డుపైనే ఆధారపడతాయి.
- బ్లెండర్ సైకిల్స్ రెండింటిపైనా పనిచేస్తుంది. 2021లో వచ్చిన బ్లెండర్ 3.0లో ఓపెన్‌సీఎల్ తొలగించబడినది. దాని స్థానములో ఏఎండీ కార్డులకు హిప్ అనే విధానము వచ్చింది. పాత ఏఎండీ కార్డులు అనేకము దీనికి పనికిరావు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు 2022లో 3.3 సంచికతో మద్దతు లభించింది.

మెమొరీ

రెండరింగు జరిగేటప్పుడు నమూనా, దానిపై అతికించే బొమ్మలు కార్డు మెమొరీలో ఉండాలి. 4096 చుక్కల పొడవు, 4096 చుక్కల వెడల్పు గల బొమ్మకు, చుక్కకు 4 బైట్ల చొప్పున, 64 మెగాబైట్లు అవసరము. గోడ, గచ్చు, కలప, గడ్డి వంటి 20 ఉపరితలాలకు మూడేసి బొమ్మలు వాడితే 3840 మెగాబైట్లు అవుతాయి. అంటే 4 గిగాబైట్ల కార్డు దాదాపు నిండిపోతుంది. మెమొరీ చాలనప్పుడు సాఫ్ట్‌వేరును బట్టి పని ఆగిపోతుంది, లేదా కంప్యూటరు ర్యామ్‌ను వాడుకొని మిక్కిలి నెమ్మదిస్తుంది.

బొమ్మల పొడవు వెడల్పులను సగానికి తగ్గిస్తే పై లెక్క 960 మెగాబైట్లకు దిగుతుంది. దూరముగా కనిపించే వస్తువులకు చిన్న బొమ్మలు వాడుట వలన కొత్త కార్డు కొనకుండానే పని జరిపించుకొనవచ్చు.

కొన్ని కార్డులు

- జీటీఎక్స్ 1650 (2019): 4 గిగాబైట్లు, 75 వాట్లు. కిరణాలను లెక్కించే ప్రత్యేక భాగాలు లేవు.
- ఆర్‌టీఎక్స్ 3060 (2021): 12 గిగాబైట్లు, 170 వాట్లు. 2022లో ఇదే పేరుతో 8 గిగాబైట్ల కార్డు కూడా వచ్చింది.
- ఆర్‌టీఎక్స్ 4060 (2023): 8 గిగాబైట్లు, 115 వాట్లు.
- ఆర్‌టీఎక్స్ 3050, 6 గిగాబైట్లది (2024): 70 వాట్లు. ఇదే పేరు గల 2022 నాటి 8 గిగాబైట్ల కార్డుకంటే దీనిలో కోర్లు తక్కువ.

8 గిగాబైట్లలో ఇమిడే పనులకు 4060 వేగవంతమైనది. అంతకుమించిన పనులకు 12 గిగాబైట్ల 3060 అనుకూలము. ఒకే పేరుతో వేర్వేరు కార్డులు ఉన్నందున బిల్లుపై మెమొరీ పరిమాణమును కూడా వ్రాయించుకోవాలి.

2022 సెప్టెంబరు 15న ఇథీరియమ్ క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో మైనింగు ముగిసింది. ఆ పనిలో వాడిన కార్డులు అనేకము పాత సామాను మార్కెట్లోకి వచ్చాయి. అటువంటి కార్డును కొనే ముందు ఒక గంటసేపు రెండరింగు చేయించి, ఫ్యాన్లను, ఉష్ణోగ్రతను పరిశీలించి, వారంటీ మిగిలినదీ లేనిదీ చూసుకోవాలి.

విద్యుత్తు, వేడి

మదర్‌బోర్డులోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుండి కార్డుకు 75 వాట్ల వరకు లభిస్తుంది. అంతకుమించి కావలసిన కార్డులకు పవర్ సప్లై నుండి వేరుగా కేబుల్ కలపాలి. ఆర్‌టీఎక్స్ 3060కు 550 వాట్ల పవర్ సప్లైని తయారీదారు సూచించారు. పాత ఆఫీసు కంప్యూటర్లలోని చిన్న పవర్ సప్లైలకు 75 వాట్ల లోపు కార్డులే క్షేమము.

600 వీఏ యూపీఎస్ సాధారణముగా 360 వాట్లను మాత్రమే భరిస్తుంది. 170 వాట్ల కార్డు, ప్రాసెసరు, మానిటరు కలిసి 300 వాట్ల వరకు తీసుకొంటే బ్యాటరీ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. కనుక యానిమేషనును ఒకే వీడియో ఫైలుగా కాక, ఒక్కొక్క ఫ్రేమును విడి చిత్రముగా భద్రపరచాలి. అప్పుడు కరెంటు పోయినా, ఆగిన ఫ్రేము నుండి పని కొనసాగించవచ్చు. 170 వాట్ల కార్డు పూర్తి శక్తితో 8 గంటలు పనిచేస్తే 1.36 యూనిట్లు ఖర్చవుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే పాలమూరు ప్రాంతములో కంప్యూటరు పెట్టెలోనికి గాలి ఆడుట, నెలనెలా దుమ్ము దులుపుట అవసరము.

తెలంగాణలో

ఎన్విడియా, ఏఎండీ సంస్థలకు హైదరాబాదులో కార్యాలయాలు ఉన్నాయి. 2012లో విడుదలైన ఈగ చిత్రానికి హైదరాబాదుకు చెందిన మకుట వీఎఫ్ఎక్స్ సంస్థ ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారము పొందింది. అటువంటి పెద్ద చిత్రాల రెండరింగుకు అనేక కంప్యూటర్ల సముదాయాలు వాడతారు. చిన్న కార్యాలయములో ఆ పనంతా ఒక్క కంప్యూటరే చేయాలి.

కోస్గి 2018లో పురపాలక సంఘమైంది. పూర్వము మహబూబ్ నగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణము 2019 నుండి నారాయణపేట జిల్లాలో ఉన్నది. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ విధానములో తెలంగాణ పురపాలక సంఘాలలో ఇళ్ల అనుమతుల దరఖాస్తులను ఆన్‌లైనులో స్వీకరించారు. అనుమతికి సమర్పించే నక్షా ద్విమితీయమైనది కనుక దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. యజమాని కోరే త్రిమితీయ ఎలివేషన్ చిత్రానికే రెండరింగు కావాలి. నెలకు కొద్ది ఎలివేషన్లు మాత్రమే చేసే కార్యాలయములో రాత్రిపూట ప్రాసెసరుపైనే రెండరింగు నడిపించుట చాలవచ్చు. రోజూ చేసేవారికి 8 లేదా 12 గిగాబైట్ల కార్డు ఉపయోగపడుతుంది.

కంప్యూటరు విడిభాగాలకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు పేరుపొందినది. కోస్గి నుండి అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించాలి. చెడిన కార్డును మార్చుకొనుటకు మళ్ళీ అంత దూరము వెళ్ళవలసి వస్తుంది కనుక, కొనేచోటనే కార్డును కంప్యూటరులో పెట్టించి, తాము వాడే సాఫ్ట్‌వేరుతో ఒక రెండరింగు చేయించి చూసుకొనుట మంచిది.

ఇవి కూడా చూడండి

- కంప్యూటరు
- యానిమేషన్
- బ్లెండర్
- కోస్గి