సూపులో మాంసం ఎంత?



మా పెళ్ళయిన కొత్తలో మేము కాజీపేట రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. పక్క క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం. చలికాలం వచ్చిందంటే ఆ ఇంటి ఆంటీ శనివారం రాత్రి పెద్ద గిన్నెడు సూపు కాచేవారు. గొడ్డు మాంసం కైమా, ఉల్లిపాయలు, క్యారెట్, బంగాళాదుంప, క్యాబేజీ, గుప్పెడు బార్లీ. ఏడుగురు మనుషులకు పావు కిలో కైమా, రెండు లీటర్ల నీళ్ళు. అదీ, ఇంత రొట్టె ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. మా ఇంట్లో ఆ మాంసం వండరు కనుక నేను మేక కైమాతో నేర్చుకున్నాను. పద్ధతి మాత్రం ఆవిడదే.

రెండు లీటర్లకు పావు కిలో అన్న లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నూట డెబ్బై ఏళ్ళు దాటిన ఒక సూపు లెక్క నా కంటబడింది. ఇంట్లో వండింది కాదు, ఒక ప్రభుత్వం వండించింది. వంట తెలిసిన ఆడవాళ్ళు చూస్తే అందులోని కిటుకు ఇట్టే పట్టేస్తారు. ఆనాటి పెద్దమనుషులకు అది తెలియలేదో, తెలిసీ ఊరుకున్నారో మరి.

ఐర్లండులో బీదవాళ్ళకు బంగాళాదుంపే అన్నం. మనకు కూరలో పడే దుంప వాళ్ళకు మూడు పూటలా కంచంలోకి వచ్చేది. 1845లో ఆ పంటకు తెగులు తగిలింది. 1846లో దాదాపు మొత్తం పంటంతా కుళ్ళిపోయింది. తవ్వితే నేలలోంచి నల్లటి కంపు ముద్ద వచ్చేదట. అప్పుడు ఐర్లండును ఏలుతున్నది ఇంగ్లీషువాళ్ళే. మొదట రోడ్డు పనులు పెట్టారు. తిండి లేని మనిషి రాళ్ళేం కొడతాడు? పనుల దగ్గరే జనం కూలిపోయారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు 1846 చివరలోనే తమ ఖర్చుతో సూపు పొయ్యిలు పెట్టారు. వాళ్ళను చూసి 1847 ఫిబ్రవరిలో ప్రభుత్వం కూడా చట్టం చేసి ఆ దారికి వచ్చింది.

ఊరికే సూపంటే సరిపోదు, చవకగా చేసేవాడు కావాలి కదా. లండన్‌లో రిఫార్మ్ క్లబ్బు అని పెద్దలు చేరే చోటు ఉంది. అక్కడి వంట పెద్ద అలెక్సిస్ సోయర్, ఫ్రెంచివాడు. ప్రభువుల విందులకు పేరుపడ్డవాడు. ఆయన్ని డబ్లిన్‌కు పంపారు. 1847 ఏప్రిల్ 5న అక్కడి రాయల్ బారక్స్ ఎదుట కర్రలతో, కాన్వాసు గుడ్డతో కట్టిన వంటశాల తెరిచారు. మధ్యలో 300 గాలన్ల బాయిలరు. గంట కొట్టగానే నూరుమంది లోపలికి వచ్చి బల్లల ముందు కూర్చోవాలి. చెంచాలను ఎవరూ పట్టుకుపోకుండా గొలుసులతో కట్టేశారు. ఆరు నిమిషాల్లో తాగేసి, రొట్టె ముక్క చేత పట్టుకుని అవతలి గుమ్మంలోంచి వెళ్ళాలి. మళ్ళీ గంట, మళ్ళీ నూరుమంది. ఆ తిండి చూడ్డానికి ఊళ్ళో గొప్పింటివాళ్ళు తలకు 5 షిల్లింగులు చెల్లించి వచ్చారు. ఆ డబ్బు ధర్మానికే పోయిందంటారు. అయినా ఆకలిగొన్న మనిషి తింటూంటే టిక్కెట్టు కొని చూడ్డమేమిటండీ!

ఇక సోయర్‌గారి కొలతలు వినండి. నీళ్ళు రెండు గాలన్లు, అంటే మన లెక్కలో తొమ్మిది లీటర్లు. అందులోకి మాంసం పావు పౌను, అంటే 113 గ్రాములు. ఒక గుప్పిట్లో ఇమిడిపోతుంది. రెండు ఔన్సుల కొవ్వు, కొంచెం ఉల్లి, కూరగాయల తొక్కలు, ఆకులు, అరపౌను పిండి, అరపౌను బార్లీ, ఉప్పు, చిటికెడంత పంచదార. మా ఆంటీ సూపులో లీటరుకు 125 గ్రాముల కైమా పడితే ఇందులో పన్నెండు గ్రాములకు మించదు. పదో వంతన్నమాట.

మరి చూపుకు పలచగా ఉండదా? ఉండదు. అక్కడే ఉంది కిటుకు. అరపౌను పిండి కలిపితే ఎంత నీళ్ళయినా చిక్కబడతాయి. చారు చిక్కగా కనబడాలంటే పిండి నీళ్ళు కలపడం మనకూ తెలిసిన విద్యే. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. అందులో ఉన్న బలమంతా పిండీ, బార్లీ, కొవ్వుల నుంచి వచ్చిందే. మాంసం పేరుకు మాత్రమే. ఒక్కొక్కరికి లీటరు పైచిలుకు పోసినా 300 కాలరీలకు కాస్త అటూ ఇటూ. పైన ఇచ్చిన రొట్టె ముక్క ఇంచుమించు అంతే. ఈ సూపు ఒక పూట, తోడు ఒక రొట్టె ముక్క ఉంటే ఆరోగ్యంగా ఉన్న మగవాడి బలం నిలుస్తుందని సోయర్‌గారు చెప్పారు. ప్రభువుల విందు వండే మనిషి ఆ మాట ఏ గుండెతో అన్నాడో! లాన్సెట్ అనే వైద్య పత్రిక అప్పుడే దాన్ని దుయ్యబట్టింది. కడుపు నిండినట్టుండడం వేరు, ఒంటికి పట్టడం వేరని వైద్యులు వాదించారు.

అయితే ఒక్క సోయర్‌నే తిట్టిపోస్తే అన్యాయమవుతుంది. 1847 జులై నాటికి దేశమంతటా రోజుకు 30 లక్షలమంది ఈ పొయ్యిల మీద బతికారు. చాలాచోట్ల అది సూపు కూడా కాదు, మొక్కజొన్న పిండీ బియ్యమూ కలిపి కాచిన జావ. ఆ వేసవిలో చావులు తగ్గాయి. ఆ కరువులో ప్రభుత్వం చేసిన పనుల్లో బాగా పనిచేసింది ఇదేనని చరిత్రకారులు ఒప్పుకుంటారు. సూపు పలచనవడం కంటే పెద్ద తప్పు, పనిచేస్తున్నదాన్ని ఆపేయడం. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి పొయ్యిలన్నీ ఆర్పేశారు. కరువు మాత్రం ఆరలేదు. మొత్తం మీద పదిలక్షలమంది పోయారు, ఇంకో పదిలక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు.

మతం మారితేనే సూపు పోస్తామన్న కొందరు ప్రచారకులూ ఆ రోజుల్లో ఉన్నారు. క్వేకర్లు అలాంటి షరతు పెట్టలేదు. కానీ ‘సూపు తాగినవాడు’ అన్న మాట ఐర్లండులో తరతరాలకు తిట్టుగా మిగిలిపోయింది. పిల్లల కోసం తాగినవాణ్ణి కూడా ఆ మాటే అన్నారు పాపం.

గిన్నెలోకి ఎంత అన్న తగవు మన గడ్డ మీదా నడిచింది. ధాత నామ సంవత్సరంలో మొదలై 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనులు చేసేవాళ్ళకు రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. ఎండలో మట్టి మోసే మనిషికి! మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి డాక్టర్ కార్నిష్ అది చాలదని ఎదురుతిరిగి, అంకెలతో సహా వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచారు. ఆ కొన్ని నెలలూ గడిచేదెలా?

సోయర్ కథ డబ్లిన్‌తో అయిపోలేదు. 1855లో క్రిమియా యుద్ధానికి వెళ్ళి ఫ్లోరెన్స్ నైటింగేల్ ఉన్న ఆసుపత్రిలో సైనికుల వంట చక్కదిద్దాడు. అక్కడి వంటవాళ్ళు మాంసం ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసేవారట! ఆయన ఆ నీళ్ళు నిలిపి సూపు చేయించాడు. ఈ పనికి మాత్రం నేను చేతులెత్తి మొక్కుతాను. నైటింగేల్‌గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. కైమా కొట్టిన మాంసాన్ని నీళ్ళలో నానబెట్టి, కాచి, వడగట్టి రోగులకిచ్చే ‘బీఫ్ టీ’ని అప్పట్లో అమృతంలా చూసేవారు. గ్లాసుడు బీఫ్ టీ మరగబెట్టి ఇగిరిస్తే మిగిలే సారం చెంచాడే సుమా, కొంత మేలు చేస్తుంది గాని అదే తిండనుకోకండి, అని ఆవిడ రోగుల సేవ గురించి రాసిన పుస్తకంలో హెచ్చరించారు. రోగి పక్కన కూర్చున్న మనిషి కనుక గిన్నె అడుగు చూశారు.

అందుకే ఇంట్లో చేసుకునేటప్పుడు వడగట్టకండి. బార్లీ గంటసేపు నానబెట్టండి. గిన్నెలో చెంచాడు నూనె వేసి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పావు కిలో కైమా వెయ్యండి. ముందు నీరు ఊరుతుంది, అది ఇగిరి కైమా గోధుమరంగు తిరిగేదాకా ఓపిక పట్టాలి. రుచంతా అక్కడే పుడుతుంది. ముదురు మాంసమైనా ఫరవాలేదు, మొద్దు మీద కొట్టించిన కైమా కనుక త్వరగానే మెత్తబడుతుంది. తర్వాత బార్లీ, రెండు లీటర్ల నీళ్ళు పోసి సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచి, క్యారెట్, దుంపలు, క్యాబేజీ వెయ్యండి. టమాటాలు మాత్రం చివర్న. పులుపు ముందే పడితే దుంప ఒక పట్టాన ఉడకదు. దించే ముందు మిరియాల పొడి, ఉప్పు.

నెలాఖరు శనివారాల్లో ఆంటీ గిన్నెలోనూ కైమా తగ్గేది. బార్లీ ఇంకో గుప్పెడు పడేది. ఆ రోజుల్లో ఆవిడ వడ్డిస్తూ ముందే చెప్పేసేవారు, ‘ఇవాళ కైమా తక్కువర్రా, తలా ఇంకో రొట్టె తీసుకోండి’ అని.