డాక్టర్ ఖాన్ సాహెబ్

డాక్టర్ ఖాన్ సాహెబ్ (1883–1958): బ్రిటిషు ఇండియాలోని వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి ప్రధాని, ఆ తరువాత పశ్చిమ పాకిస్తాన్‌కు తొలి ముఖ్యమంత్రి. వృత్తి వైద్యం. అసలు పేరు ఖాన్ అబ్దుల్ జబ్బార్ ఖాన్. తెలుగువారు సరిహద్దు గాంధీగా ఎరిగిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు ఈయన స్వయానా అన్న. తమ్ముడి కీర్తి వెనుక అన్న పేరు మరుగున పడింది. అయితే ఆ సరిహద్దు రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వాన్ని నిలబెట్టి నడిపింది, ఎన్నికల్లో గెలిచి చూపింది అన్నే. చివరి నాలుగేళ్లలో ఆయన పట్టిన దారి ఎంత వివాదాస్పదమైనా ఈ మాట కాదనలేనిది.

పెషావర్ సమీపంలో చార్సద్దా ప్రాంతంలోని ఉత్మాన్‌జయీ ఆయన స్వగ్రామం. తండ్రి బహ్రామ్ ఖాన్ ఊళ్లో పేరున్న భూస్వామి. మిషనరీల బళ్లో చదివితే పిల్లలు మతం తప్పుతారని ముల్లాలు బెదిరించే రోజుల్లో, ఆయన కొడుకులిద్దరినీ పెషావర్‌లోని ఎడ్వర్డ్స్ మిషన్ స్కూలుకే పంపారు. అక్కడి నుంచి పెద్దకొడుకు బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీకి, ఆపైన లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రికి వెళ్లి వైద్యం పూర్తిచేశారు. జవహర్‌లాల్ నెహ్రూతో స్నేహం లండన్‌లోనే కలిసింది. ఇంజనీరింగ్ చదవడానికి తమ్ముడు కూడా ఇంగ్లండ్ బయలుదేరబోతే తల్లి ఒప్పుకోలేదు. ఒక కొడుకు ఇప్పటికే సముద్రం దాటిపోయాడు, రెండోవాడిని వదులుకోలేనని ఆమె పట్టుబట్టింది. గఫార్ ఖాన్ ఊళ్లోనే ఉండిపోయి బడులు పెట్టడం మొదలుపెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఖాన్ సాహెబ్ ఫ్రాన్స్‌లో సైనిక వైద్యుడిగా పనిచేశారు. ఇంగ్లండ్‌లోనే మేరీ అనే ఆమెను పెళ్లాడారు. స్వదేశానికి వచ్చాక ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారిగా మర్దాన్‌లో గైడ్స్ పటాలానికి వైద్యుడయ్యారు. మంచి జీతం, పటాలంలో గౌరవం, ముందు ముందు పదోన్నతులు. మరో పాతికేళ్లు అలాగే గడిచిపోవలసిన జీవితం అది.

1921లో ఆ దారి మలుపు తిరిగింది. వజీరిస్తాన్ తెగల మీద బ్రిటిషు సైన్యం దండయాత్ర సాగిస్తోంది. అక్కడికి వెళ్లమని ఈయనకు ఉత్తర్వు వచ్చింది. ఆ తెగలవారు పఠాన్లు, తన భాష మాట్లాడేవారు. తనవాళ్ల ఊళ్లమీద పడే సైన్యం వెంట వెళ్లనని ఖాన్ సాహెబ్ నిరాకరించి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. సైనిక వైద్యుడికి తుపాకీ పట్టే పని ఉండదు, గాయాలు మాన్పడమే పని. కాబట్టి వెళ్తే తప్పేమిటని సమాధానం చెప్పుకునే వీలు ఆయనకు ఉంది. ఆ వీలు వాడుకోలేదు. ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద రాజకీయ నిర్ణయం, రాజకీయాల్లోకి రాకముందే తీసుకున్న ఈ నిర్ణయమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అటుపైన సొంత ప్రాక్టీసు పెట్టుకుని దాదాపు తొమ్మిదేళ్లు వైద్యుడిగానే గడిపారు. మచిలీపట్నంలో సాగుతున్న ప్రాక్టీసును వదులుకుని కాంగ్రెసులోకి వచ్చిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య తరం వైద్యుల్లో ఈయనా ఒకరు. కాకపోతే ఈయన సామ్రాజ్యపు సైనిక దుస్తులు వేసుకుని, వాటిని విప్పి మరీ వచ్చారు.

సరిహద్దు పరిస్థితి

వాయవ్య సరిహద్దు రాష్ట్రాన్ని 1901లో వైస్రాయి కర్జన్ పంజాబు నుంచి విడదీశాడు. జనాభాలో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలు. రష్యా భయంతో బ్రిటిషువారు ఆ నేలను సైనిక శిబిరంలా చూశారే తప్ప రాష్ట్రంగా చూడలేదు. 1919 నాటి రాజకీయ సంస్కరణలు మిగతా రాష్ట్రాలకు అందినా సరిహద్దుకు 1932 దాకా అందలేదు. సరిహద్దు నేరాల చట్టం కింద ఒకడు చేసిన నేరానికి తెగ మొత్తాన్ని శిక్షించే వీలుండేది. అక్కడ మాట్లాడిన ప్రతివాడూ ప్రభుత్వం దృష్టిలో నేరస్థుడే.

ఈ నేల మీద 1929లో గఫార్ ఖాన్ ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళాన్ని లేవదీశారు. అహింసకు ప్రమాణం చేసిన పఠాన్ రైతుల సేన అది. తెల్లబట్టలు దుమ్ముకు ఇట్టే మాసిపోతుంటే, తోళ్లు ఊనే చోట దొరికే ఇటుకరంగులో ముంచుకుని తొడుక్కున్నారు. అందుకే లోకం వారిని ఎర్రచొక్కాలవారంది. 1930 ఏప్రిల్ 23న గఫార్ ఖాన్ అరెస్టుకు నిరసనగా పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో గుమికూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. చంద్రసింగ్ నాయకత్వంలోని గఢ్‌వాలీ సిపాయిలు నిరాయుధుల మీద తుపాకీ ఎత్తబోమన్నది ఆ రోజే. ప్రభుత్వం చూపిన మృతుల సంఖ్యను ఎవరూ నమ్మలేదు. వందల్లోనే చనిపోయారని జనం లెక్క. ఖాన్ సాహెబ్ గాయపడినవారికి వైద్యం చేశారు. ఆ తరువాత రాజకీయాలకు దూరంగా ఉండడం ఆయన వల్ల కాలేదు.

1931 డిసెంబరులో అన్నదమ్ములిద్దరినీ అరెస్టు చేసి సరిహద్దు నుంచి దూరంగా తరలించారు. హజారీబాగ్ జైలులో గడిపి 1934 ఆగస్టులో విడుదలైనా, సొంత రాష్ట్రంలో అడుగుపెట్టకూడదన్న ఆంక్ష మాత్రం తొలగలేదు. వార్ధాలో జమ్నాలాల్ బజాజ్ ఆదరణలో, గాంధీ చెంత ఉన్నారు. గాంధీ కార్యదర్శి మహాదేవ్ దేశాయ్ అన్నదమ్ముల మీద పుస్తకం రాసింది ఆ పరిచయంతోనే. ఊరికి వెళ్లలేని స్థితిలోనే ఖాన్ సాహెబ్‌ను సరిహద్దు ఓటర్లు కేంద్ర శాసనసభకు ఎన్నుకున్నారు.

ప్రభుత్వంలో

1937 ఎన్నికల్లో 50 స్థానాల సభలో కాంగ్రెసుకు 19 వచ్చాయి. మొదట సాహెబ్‌జాదా అబ్దుల్ ఖయ్యూం మంత్రివర్గం ఏర్పడినా సెప్టెంబరులో అవిశ్వాస తీర్మానంలో పడిపోయి, ఖాన్ సాహెబ్ ప్రధాని అయ్యారు. (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధాని అనే పిలిచేవారు.) బ్రిటిషువారికి దాసోహమన్న పెద్ద ఖాన్‌లకు (భూస్వాములకు) దక్కిన గౌరవ మేజిస్ట్రేటు పదవులు రద్దుచేశారు. రైతు అప్పుల ఊరట కోసం చట్టం తెచ్చారు. అలాగని ఈ పాలన అంతా రైతుపక్షమే కాదు. 1938లో మర్దాన్ దగ్గర గల్లా ఢేర్‌లో తోరూ నవాబు మీద కౌలుదార్లు తిరగబడితే కాంగ్రెసు ప్రభుత్వమే వాళ్లను జైళ్లకు పంపింది. శాంతిభద్రతలు ఒక వైపు, తమను గెలిపించిన పేదరైతు మరో వైపు నిలిచినప్పుడు ఆ మంత్రివర్గం ఎటు మొగ్గిందో చెప్పే సందర్భం అది. దాన్ని దాచిపెట్టి ఆయన చరిత్ర రాయకూడదు.

రెండో ప్రపంచ యుద్ధంలోకి భారతదేశాన్ని అడగకుండా లాగినందుకు 1939 నవంబరులో అన్ని కాంగ్రెసు మంత్రివర్గాలతో పాటు ఈయనా దిగిపోయారు. 1943లో కాంగ్రెసు సభ్యులు పలువురు జైళ్లలో ఉండగా ముస్లిం లీగు ప్రభుత్వం ఏర్పడింది. 1945 మార్చిలో దాన్ని ఓడించి ఖాన్ సాహెబ్ మళ్లీ పీఠమెక్కారు. అప్పటికి మద్రాసు, బొంబాయి వంటి రాష్ట్రాల్లో ఇంకా గవర్నర్ల పాలనే. 1946 ఎన్నికల్లో కాంగ్రెసుకు 30 స్థానాలు, లీగుకు 17. దేశమంతటా ముస్లిం నియోజకవర్గాలను లీగు ఊడ్చేసిన ఏడాది అది. ఇక్కడ మాత్రం ముస్లిం స్థానాల్లోనూ కాంగ్రెసుదే పైచేయి.

ఆ బలం ఏడాదిలో కరిగిపోయింది. 1946 అక్టోబరులో నెహ్రూ సరిహద్దు పర్యటనకు వస్తే తెగల ప్రాంతంలో రాళ్ల వాన కురిసింది. అన్నదమ్ములిద్దరికీ దెబ్బలు తగిలాయి. బెంగాల్, బీహార్ మతకల్లోలాల వార్తలు పెషావర్ చేరాయి, లీగు ఆందోళన ఊపందుకుంది. గవర్నర్ ఓలాఫ్ కారో లీగు పక్షం వహిస్తున్నాడని, అతన్ని మార్చాలని ఖాన్ సాహెబ్ పట్టుబట్టారు. కారో వెళ్లాడు కానీ, దేశ విభజనలో రాష్ట్రం ఎటు చేరాలో తేల్చే ప్రజాభిప్రాయ సేకరణ ఆగలేదు. ఇండియానా పాకిస్తానా అన్నవే అందులో ప్రశ్నలు. స్వతంత్ర పఠాన్ రాజ్యం అన్న మూడో దారిని 1947 జూన్ 21న బన్నూలో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు కోరినా చేర్చలేదు. వారు బహిష్కరించారు. జూలైలో 5,72,798 మంది ఓటర్లలో 2,89,244 మంది పాకిస్తాన్‌కు, 2,874 మంది ఇండియాకు ఓటేశారు. అంటే పాకిస్తాన్‌కు పడింది మొత్తం ఓటర్లలో సగానికి కొద్దిగా ఎక్కువ. సభలో మెజారిటీ ఉన్న మంత్రివర్గాన్ని ఆగస్టు 22న, పాకిస్తాన్ పుట్టిన వారానికి, జిన్నా ఆదేశంతో బర్తరఫ్ చేశారు. ఖాన్ సాహెబ్‌ను నిర్బంధంలో పెట్టారు.

చివరి అధ్యాయం

1954 చివరలో అప్పటి రాజధాని కరాచీ నుంచి పిలుపు వచ్చింది. రాజ్యాంగ సభను రద్దుచేసిన గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ హయాంలో, మహమ్మద్ అలీ బోగ్రా మంత్రివర్గంలో ఆయన కమ్యూనికేషన్ల మంత్రిగా చేరారు. 1955 అక్టోబరులో పంజాబు, సింధు, సరిహద్దు రాష్ట్రాలను, బలూచిస్తాన్‌ను ఒకటిగా కలిపేసి పశ్చిమ పాకిస్తాన్ అనే ఒకే రాష్ట్రం చేసినప్పుడు దానికి ముఖ్యమంత్రి అయ్యారు. పఠాన్ల రాష్ట్రం పటంలో లేకుండా పోయింది ఆ ఏర్పాటుతోనే. గఫార్ ఖాన్ దాన్ని వ్యతిరేకిస్తూ ఊరూరా తిరిగి, 1956లో అరెస్టయ్యారు. అప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి అన్నయ్యే. మొదట ఆయన ప్రభుత్వాన్ని బలపరచిన ముస్లిం లీగు ఆయన్ను వదిలేయడంతో దేశాధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా అండతో రిపబ్లికన్ పార్టీని పెట్టారు. 1957 మార్చిలో మెజారిటీ చేజారి ఆ ప్రభుత్వమూ పోయింది. రాష్ట్రాల ఈ కలయికను సమర్థించడం కష్టం. 1921లో తన పఠాన్ల కోసం ఉద్యోగం వదిలిన మనిషి, పదవి కోసం పఠాన్ల రాష్ట్రాన్నే వదులుకున్నారని ప్రత్యర్థులన్నారు. చిన్న రాష్ట్రాలు సమైక్యంగా ఉంటే బలపడతాయని ఆయన నిజంగానే నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకం తప్పని పదిహేనేళ్లలో తేలింది.

1958 మే 9 ఉదయం లాహోర్‌లో కొడుకు ఇంటి తోటలో, మరుసటి ఏడాది జరగవలసిన ఎన్నికల పని మీద బయలుదేరడానికి తోడు వచ్చేవారి కోసం ఎదురుచూస్తుండగా, ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పట్వారీ ఆయన్ను కత్తితో పొడిచి చంపాడు. ఉత్మాన్‌జయీలో భార్య సమాధి పక్కనే ఆయన్ను ఖననం చేశారు. ఆ ఎన్నికలు జరగనే లేదు. అక్టోబరులో సైనిక పాలన వచ్చింది. ఆయన మొదటి ముఖ్యమంత్రిగా ఏలిన పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాన్ని 1970 జూలై 1న రద్దుచేసి పాత రాష్ట్రాలను తిరిగి ఏర్పరిచారు. సరిహద్దు రాష్ట్రానికి 2010లో రాజ్యాంగ సవరణతో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అని పేరు పెట్టారు.