ఫిరంగి కన్న ఎరువు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తికీ మిరపకూ యూరియా చల్లే రైతుకు, నింగికి గురిపెట్టే విద్యుదయస్కాంత ఫిరంగితో పనేమిటని అనిపించవచ్చు. నత్రజని ఎరువుల చరిత్ర తిరగేసినప్పుడు ఈ రెంటికీ చుట్టరికమున్నదని నాకు తెలిసింది.

అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనది. యంత్ర రహస్యమంతా ఆ పేరులోనే ఉన్నది. గొట్టం పొడవునా తీగచుట్టలు అమర్చి వరుసగా విద్యుత్తు అందిస్తే, ముందున్న చుట్ట ఇనుప గుండును పిలుస్తుంది. గుండు దరిచేరగానే అది ఆరిపోయి, ఆ పై చుట్ట పిలుస్తుంది. మందుగుండు లేకుండానే వేగం హెచ్చుతుంది.

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ యుద్ధం కోసం ఇటువంటి ఫిరంగిని తలపెట్టి 1901లో పేటెంటు పొందాడు. 1903లో, నేటి ఆస్లో నగరాన, సభామధ్యంలో పేల్చబోగా షార్టు సర్క్యూట్ అయింది. మెరుపూ మోతా మిగిలాయి. అయితే గాలిలోని నత్రజనిని మండించగల పెను మెరుపు కోసమే శామ్ అయిడె అనే ఇంజనీరు వెతుకుతున్నాడు. ఇద్దరూ కలిసి విద్యుత్ జ్వాలతో గాలి నుండి నత్రికామ్లం, దానితో కాల్షియం నైట్రేట్ ఎరువు తీశారు. 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ వెలసింది. ఆ పద్ధతి విద్యుత్తును విపరీతంగా మింగేది. 1913లో జర్మనీలో పరిశ్రమగా మారిన హేబర్-బాష్ పద్ధతి దానిని వెనక్కి నెట్టింది. మన యూరియాకు మూలమైన అమ్మోనియా ఈ రెండవ పద్ధతిదే.

ఫిరంగి ఊహ మాత్రం చావలేదు. చంద్రుని మీది నుండి సరకును ఇలా విసరవచ్చునని 1950లో ఆర్థర్ క్లార్క్ సూచించాడు. 1970ల్లో ఓనీల్, కోల్మ్ అమెరికాలో నమూనా నిర్మించారు. చంద్రునిపై గాలి లేదు, సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగం చాలు. భూమిని వీడడానికి 11.2 కావాలి. కక్ష్యకు చాలిన 8 కిలోమీటర్ల వేగాన్ని 1 కిలోమీటరు గొట్టంలో సాధించాలన్నా, వస్తువు తన బరువుకు 3,200 రెట్లు మించిన ఒత్తిడిని భరించాలి. ఆపైన దట్టమైన గాలితో రాపిడి. అందుకే మనకు దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుండి 1980 జులై 18న రోహిణి రాకెట్టు మీదనే, మెల్లగా లేచి పైకి పోయినకొద్దీ వేగం పుంజుకుంటూ కక్ష్య చేరింది. నేటికీ ఏ విద్యుదయస్కాంత ఫిరంగీ ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని ఓడిన ప్రయత్నాలను ఎగతాళి చేస్తాం. నత్రికామ్లం ఎరువుకే కాదు, పేలుడు పదార్థాలకూ ముడిసరుకన్నది మరువరాదు. అయినా ఆ నాటి సభలో నవ్విన వారెవరైనా ఉంటే, వారు గమనించనిది ఒకటుంది: ఫిరంగి ప్రదర్శన విఫలమైంది గాని, ఆ మెరుపులో పంట ఉన్నది.