ఊరి గాలియు, ఊపిరి గాలియు



మా యూరి చెఱువుగట్టు గాలి వైద్యుని మందుకంటె మేలని మా పెద్దలు చెప్పెడివారు. బడిపంతులనై నేనును ముప్పదియేండ్లు పిల్లలకు ఆ మాటయే బోధించితిని: పట్టణపు గాలి చెడ్డది, పల్లెగాలి మంచిది. నే నా పాఠమును వల్లించుచున్న దినములలోనే మా తల్లిగారు పచ్చికట్టెల పొయ్యిముందు కూర్చుండి, ఊదుగొట్టముతో ఊదుచు, దగ్గుచుండెడివారు. అరుగుమీద నేను పీల్చు గాలియు, పొయ్యికడ ఆమె పీల్చు గాలియు ఒక్కటి కావని నాకు తోచలేదు. ఈ భేదమును లోక మెట్లు గుర్తించెనో, ఆ చరిత్రమును నేడు మనవి చేసెదను.

మనిషి వెంట నడచిన తొలి కొలమానములలో ఒకటి పక్షి. బొగ్గుగనులలో పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. 19వ శతాబ్దము చివర బ్రిటనులో జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు చిన్న ప్రాణులను గనిలోనికి వెంట గొనిపొమ్మని సూచించెను. కెనరీ పిట్ట మనుష్యునికంటె ముందుగా సొమ్మసిల్లును. అది చూచి పనివారు వెనుదిరిగెడివారు. ఆ పిట్టలకు బదులు యంత్రములను పెట్టవలెనని బ్రిటిషువారు 1986లో గాని నిశ్చయింపలేదు.

పిదప ఎక్స్‌రే కిరణములతో పనిచేయువారు వెలుతురు సోకకుండ చుట్టిన ఫిల్ము తునుకను చొక్కాకు తగిలించుకొన నారంభించిరి. ఫిల్ము ఎంత నల్లబడిన, దేహమునకు అంత కిరణము సోకినదని లెక్క. పిట్ట అందఱికిని ఒక్కటే హెచ్చరిక చేసెను. ఫిల్ము మనిషికొక పద్దు తెఱచెను.

1960లో ఇంగ్లండునందలి హార్వెల్ అణుశక్తి పరిశోధనాలయమువారు, షెర్వుడ్, గ్రీన్‌హాల్ అను నిరువురు, మఱియొక సాధనమును ప్రకటించిరి. నడుమున బ్యాటరీ పంపు, ముక్కునకు చేరువగా చొక్కామీద వడపోత కాగితము. గదిలో నిలిపిన యంత్రము చెప్పిన లెక్కయు, పనివాని మీది యంత్రము చెప్పిన లెక్కయు సరిపోలలేదు. మనిషి తాను చేయు పనివలననే తన చుట్టును గాలి చెడునని దీనివలన తెలిసెను.

ఆ పంపులు మన దేశపు వంటయిండ్లకును వచ్చినవి. కర్క్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును గుజరాతు పల్లెలలో వంటచేయు స్త్రీలకు వానిని తగిలించి, ఫలితములను 1983లో ప్రకటించిరి. వంట సాగునంతసేపు వారు పీల్చు గాలిలో ఘనపు మీటరునకు సగటున దాదాపు 7 మిల్లిగ్రాముల ధూళి యుండెను. మన ప్రభుత్వము 2009లో సన్నధూళికి విధించిన దినసరి మేర మిల్లిగ్రాములో పదవవంతు. మొదటిది వంటవేళకు, అన్నివిధముల ధూళికిని చెందిన లెక్క. రెండవది దినమంతటికిని, సన్నధూళికి మాత్రమే చెందినది. కావున రెంటిని సరిగా తూచరాదు. అయినను ఆ సంఖ్యను చదివిననాడు మా తల్లిగారి దగ్గు నా చెవిలో వినబడెను.

నేటి సెన్సరులు అరచేత నిముడును. చిన్న పంకా గాలిని లోనికి లాగును. లేజరు వెలుగు రేణువులపై పడి చెదరును. ఆ చెదరిన వెలుగునుబట్టి ధూళి యెంతో లెక్కించి, ఫోనునకు పంపును. తేమ హెచ్చిన దినమున రేణువు లుబ్బి లెక్క పెరుగుటయు కలదు. గావున యంత్రవాక్యమెల్ల వేదవాక్యము కాదు.

హైదరాబాదు శివారు గ్రామములలో జరిగిన యొక పరిశోధనలో జనులు గాలికొలతలతోపాటు, తమంతట తామే చిత్రములు తీయు చిన్న కెమెరాలను గూడ ధరించిరి. ఏ పనిలో ధూళి హెచ్చునో ఆ చిత్రములవలన తెలియును. అయితే ధరించినవాని యిల్లును, నడవడియు పరుల కన్నులకు తెలియును గదా!

ఇచ్చటనే అసలు చిక్కు. 2011లో జపానునందు ఫుకుషిమా అణుకేంద్రము చెడినపుడు, సేఫ్‌కాస్ట్ అను పేర స్వచ్ఛంద సేవకులు కిరణముల కొలతలను తామే చేసి, అందఱికిని ఉచితముగా పంచిరి. ఏ వీధి మంచిదో తల్లిదండ్రులకు తెలిసెను. అదే ప్రాంతమున దాతె అను పట్టణములో జనులకు కొలతబిళ్ళలు పంచిరి. ఆ లెక్కలతో పండితులు వ్యాసములు వ్రాసిరి. సమ్మతి యీయనివారి లెక్కలును అందు చేరెనని తేలగా, 2020లో వానిని ఉపసంహరించిరి. తానై పంచిన లెక్క ఊరికి మేలు చేసెను. అడుగక వాడుకొన్న లెక్క నమ్మకమును చెఱచెను.

కావున పెద్దలారా, మీ యూరికి ఎవరైన ఇట్టి బిళ్ళలు తెచ్చిన, వలదని తరిమివేయకుడు. ఇది దేనిని కొలుచును, ఈ లెక్కను ఎవరు చూతురు, మాకు ఎన్నడు చెప్పుదురు అని అడుగుడు. తృప్తికరమగు సమాధానము వచ్చిన పిదప, ఆ బిళ్ళను ముందుగా అరుగుమీది మగవానికి గాక, పొయ్యికడ నున్న ఆడుదానికి ఇండు. మా యింట ఆ పని చేసినవారు లేకపోయిరి.