పాతబస్తీ నగీనా, పాపానాయుడుపేట పూస

1591లో హైదరాబాద్ నగరం వెలసినప్పుడు చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ దారులు వేశారు. వాటిలో పడమటి దారి గోల్కొండ వైపు సాగేది. లాడ్ బజార్ ఆ దారి మీదే పెరిగింది. అక్కడి నుంచి హుస్సేనీ ఆలం, దూద్‌బౌలి, బహదూర్‌పురా దాటితే మూసీకి దక్షిణపు ఒడ్డున కిషన్‌బాగ్ వస్తుంది. పాతబస్తీలోని ఈ పడమటి భాగంలో ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా గాజుల కోసం లాడ్ బజార్‌కే వస్తారు. రంజాన్ నెల రాత్రుల్లో ఆ బజారులో కాలు పెట్టడానికి చోటుండదు.

ఆ బజారుకు పేరు తెచ్చినవి లక్క గాజులు. వాటికి మెరుపు తెచ్చేది మాత్రం గాజే. లక్క మీద వరసలుగా పొదిగిన నగీనాలనే చిన్న రాళ్లు, అద్దపు ముక్కలు, సన్నపూసలు అన్నీ గాజుతో చేసినవే. గాజును కరిగించి ఊదే పనికి కాక, దాన్ని పొదిగే పనికి హైదరాబాద్ ప్రసిద్ధికెక్కింది. అందుకు కారణం వేడిలోనే ఉంది. ఊదడానికి లొంగాలంటే గాజుకు వెయ్యి డిగ్రీలకు పైగా వేడి కావాలి. అంత వేడికి పెద్ద కొలిమి, రాత్రింబవళ్లు ఇంధనం, విశాలమైన స్థలం ఉండాలి. లక్క డెబ్బై ఎనభై డిగ్రీలకే మెత్తబడుతుంది. ఒక బొగ్గుల కుంపటి, దాని మీద ఒక ఇనుప రేకు ఉంటే ఇరుకు గదిలోనూ పని నడుస్తుంది. ఇళ్లూ గల్లీలూ కిక్కిరిసిన పాతబస్తీలో ఈ పని ఇంటి పనిగా నిలబడింది అందుకే.

లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల మీద బతుకుతుంది. అది స్రవించే జిగురే లక్క. దేశంలో లక్క ఎక్కువగా ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. దాన్ని శుభ్రం చేసి కరిగించి, గట్టిదనం కోసం ఖనిజపు పొడి, పైన కనబడే పొరకు రంగు కలుపుతారు. వేడి చల్లారకముందే ముద్దను కర్రతో అదిమి, పొడుగ్గా సాగదీసి, కొలతకు కోసి, రెండు కొనలూ కలిపి వలయం చేస్తారు. తరవాత గుండ్రటి అచ్చుకు ఎక్కించి సైజు సరిచేస్తారు. అంగడిలో ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’ అని అడిగేది ఈ సైజునే. రెండు నాలుగు అంటే గాజు లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు. రెండు నాలుగుకూ రెండు ఆరుకూ తేడా అంగుళంలో ఎనిమిదో వంతే అయినా చేతికి ఎక్కేదీ ఎక్కనిదీ అదే తేల్చేస్తుంది.

పొదిగే పని ఆ తరవాత మొదలవుతుంది. గాజుకు మళ్లీ కాస్త వేడి చూపించి, పై పొర మెత్తబడ్డ క్షణంలో ఒక్కొక్క నగీనాను సన్నటి పుల్ల కొనతో ఎత్తి పెట్టి నొక్కాలి. వేడి తక్కువైతే రాయి పట్టదు. ఎక్కువైతే లక్క జారి వరస వంకర పోతుంది, రాయి వెనకనున్న మెరుపు పూత మాడిపోతుంది. వరసలో రాయికీ రాయికీ మధ్య సందు కనబడకూడదు. నమూనా కాగితం మీద ఉండదు. పువ్వు, అల, చుక్కల వరస ఏదైనా కారీగరు చేతి అలవాటులోనే ఉంటుంది. చాలా కుటుంబాల్లో కుంపటి దగ్గర మగవాళ్లు కూర్చుంటే, రాళ్లు పొదిగేది ఆడవాళ్లు. కూలి జతల లెక్కన. ఇంత నేర్పుతో చేసిన జత అంగడి అద్దాల వెనక చేరేసరికి దాని మీద దుకాణం పేరే ఉంటుంది. చేసినవారి పేరు ఎక్కడా ఉండదు.

ఈ వృత్తి చరిత్రలో దాచకూడని భాగం ఒకటుంది. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాల్లో సోదాలు చేసి రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవారు. గాలి ఆడని గదుల్లో, రసాయనాల వాసన మధ్య రోజంతా రాళ్లు అతికించిన పిల్లలు వారు. చిన్న వేడితో, చిన్న గదిలో జరిగే పని కావడం ఈ కళ ఇళ్లలో బతకడానికి కారణమైంది. ఆ పిల్లలు బయటి కంట పడకుండా ఉండిపోవడానికీ అదే కారణమైంది. లక్క గాజును మెచ్చుకునేవారు ఈ రెండో సంగతినీ గుర్తుంచుకోవాలి.

ఇక పూర్తిగా గాజుతోనే చేసిన గాజులు, నగీనాలు హైదరాబాద్‌కు బయటి నుంచే వచ్చాయి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో భారతదేశానికి గాజులు పెద్ద ఎత్తున బొహీమియా నుంచి, అంటే నేటి చెక్ దేశంలోని యాబ్లోనెట్స్ ప్రాంతం నుంచి వచ్చేవి. అది అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ దిగుమతి ఆగిపోయింది. ఆ లోటును ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ పూరించింది. ఇవాళ తెలుగువారి చేతులకున్న గాజుల్లో అత్యధిక భాగం ఫిరోజాబాద్ కొలిముల నుంచి వచ్చినవే.

పాతబస్తీ దొరల గాజు కూడా దిగుమతి సరుకే. లాడ్ బజార్‌కు కూతవేటు దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. 1951లో దివాన్ దేవిడీలో మొదలై 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారిన సాలార్‌జంగ్ మ్యూజియంలో వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ గాజుతో పాటు మొగలాయి కాలపు హుక్కా బుడ్లూ ఉన్నాయి. నగరంలో గాజు కళను చూడదలచినవారికి అంతకు మించిన చోటు లేదు.

తెలుగు నేల మీద గాజు పని చరిత్ర మాత్రం హైదరాబాద్ కంటే చాలా పాతది. సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ అనే ఊరుంది. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ వేరు, ఇది వేరు. 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ అక్కడి దిబ్బను తవ్వితే శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. నాణేలు, మట్టి బొమ్మలతో పాటు పూసలు రాశులుగా దొరికాయి. వాటిలో గాజు పూసలూ ఉన్నాయి. ఆ పూసల మీద మోరేశ్వర్ దీక్షిత్ రాసిన పుస్తకాన్ని 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో ప్రచురించారు. భారతీయ గాజు చరిత్ర మీద 1969లో ఆయన రాసిన పెద్ద పుస్తకానికి ఈ పూసల పరిశీలన ఒక మెట్టు.

అలాంటి సన్నపూసల కథ దక్షిణాన సముద్రం దాకా పోతుంది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే గాజును గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసేవారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, ఒక్కొక్క పూసా ఒకే రంగు, సైజు ఆవగింజ నుంచి మిరియం వరకు. ఆ పద్ధతి తరవాత శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం, మలేషియా రేవులకు పాకింది. పూసలు అటు ఆఫ్రికా తూర్పు తీరం దాకా వెళ్లాయి. అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టాడు. ప్రపంచంలో మిగతా చోట్లన్నిటా అంతరించిన ఆ పాత పద్ధతి 20వ శతాబ్దం చివరిదాకా బతికి ఉన్నట్టు ఆయన గుర్తించిన ఊరు తిరుపతికీ శ్రీకాళహస్తికీ మధ్య ఏర్పేడు మండలంలో ఉంది. దాని పేరు పాపానాయుడుపేట.

పాపానాయుడుపేట కొలిమి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. లాడా అనే పొడవాటి ఇనుప గొట్టం కొనకు కరిగిన గాజును మాటిమాటికీ చుట్టి, బండ మీద దొర్లించి, పెద్ద శంకువు ఆకారపు ముద్దగా పెంచుతారు. చేటక్ అనే ఇనుప చువ్వను గొట్టంలోంచి దూర్చి ముద్ద నడుమ బెజ్జం చేస్తారు. ఆ ముద్దను లాడాతో సహా కొలిమిలో అమర్చుతారు. ఎదుటి వైపు కిటికీ దగ్గర కూర్చున్న పెద్ద పనివాడు కొక్కెంతో ముద్ద మొనను అందుకుని బయటికి లాగుతాడు. అక్కడి నుంచి ఆపకుండా, చేయి మార్చి చేయి, గంటల తరబడి లాగుతూనే ఉంటాడు. ముద్దలో ఒకసారి పడ్డ బెజ్జం గాజు ఎంత సన్నగా సాగినా మూసుకుపోదు. గొట్టంతో పాటు అదీ సన్నబడుతుంది. పద్ధతి మొత్తానికీ కీలకం ఇదే. ఒక్క బెజ్జంతో వేలకు వేల పూసలకు దారం పట్టే దారి ఏర్పడుతుంది. లాగే వేగమే పూస లావును నిర్ణయిస్తుంది. కొలిచే సాధనం లేదు, వేళ్లకు తెలిసిందే కొలత.

గొట్టాలను ముక్కలు చేసి, కత్తి అంచు మీద పూసంత తుంపులుగా కోస్తారు. కోసిన అంచులు వాడిగా ఉంటాయి కనుక వాటిని బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. బూడిద బెజ్జంలో నిండి అది పూడిపోకుండా కాస్తుంది, పూసలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. అంచులు కరిగి నున్నబడ్డాక జల్లించి, సైజుల వారీగా వేరుచేసి, దండలు గుచ్చుతారు. పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆలోక్ కుమార్ కానుంగో ఈ పనిని దగ్గరుండి గమనించి నమోదు చేశారు. అరికమేడు తవ్వకాల్లో దొరికిన గాజు తుక్కులో ఏ ముక్క ఏ పనిలో పుట్టిందో చెప్పగలగడానికి ఈ పల్లె పనివాళ్ల చేతులే ఆధారమయ్యాయి. రెండు వేల ఏళ్ల విద్య ఒక్క తెలుగు ఊళ్లో మిగిలిందన్నది చిన్న సంగతి కాదు. మన పాఠ్యపుస్తకాల్లో దానికి రావలసినంత చోటు రాలేదు.

ఇలా అందరూ కలిసి కాక, ఒక మనిషి తానే ఊహించి, తానే కొలిమి దగ్గర నిలబడి, తన పేరుతో గాజు వస్తువు చేయడం ప్రపంచంలో కూడా కొత్త అలవాటే. 20వ శతాబ్దం మధ్య వరకు గాజు అంటే ఫ్యాక్టరీ. బొమ్మ గీసేవాడు ఒకడు, ఊదేవాడు మరొకడు. 1962లో అమెరికాలోని టొలీడో కళా మ్యూజియంలో హార్వీ లిటిల్‌టన్ అనే కుండల కళ అధ్యాపకుడు మార్చిలో ఒకసారి, జూన్‌లో మరోసారి కార్యశాల నడిపాడు. చిన్న కొలిమిలో ఒక్క మనిషి గాజు ఊదగలడా అన్నదే అక్కడ ప్రశ్న. మొదట కలిపిన సరుకు సరిగా కరగలేదు. డొమినిక్ లబీనో అనే గాజు శాస్త్రజ్ఞుడు ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గాజు గోళీలు తెచ్చి ఇచ్చాకే పని సాగింది. స్టూడియో గాజు ఉద్యమం అలా మొదలైంది. లిటిల్‌టన్ శిష్యుడు డేల్ చిహూలీ 1968లో వెనిస్ దగ్గరి మురానోకు వెళ్లి అక్కడి బృందాలు పనిచేసే తీరు చూశాడు. 1971లో సియాటిల్ దగ్గర పిల్‌చక్ పాఠశాలను స్థాపించడంలో ముఖ్యుడయ్యాడు. 1976లో కారు ప్రమాదంలో ఒక కంటి చూపు పోయాక ఊదే పని క్రమంగా తన బృందానికి వదిలి, తాను దర్శకుడిగా నిలిచాడు. ఒంటరి కళాకారుడి కోసం పుట్టిన ఉద్యమంలోని అందరికన్నా పేరున్న మనిషి చివరికి కార్ఖానా పద్ధతికే తిరిగి వచ్చాడు. పాపానాయుడుపేటలో కొలిమి చుట్టూ జరిగేదీ అలాంటి సమష్టి పనే. అక్కడ సంతకం లేదు, అంతే తేడా.

హైదరాబాద్‌లో ఈ కొత్త గాజు కళకు ప్రతినిధి శిశిర్ సహానా. ఆయన బెంగాల్‌లో పుట్టి, శాంతినికేతన్‌లో కళ అభ్యసించి, లండన్‌లో గాజు పని నేర్చుకుని హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఆయనది ఊదే పద్ధతి కాదు, అచ్చులో పోత పోసే పద్ధతి. ముందుగా వేడికి తట్టుకునే అచ్చు చేస్తారు. అందులో రంగు గాజు ముక్కలు పేర్చి బట్టీలో ఎనిమిది వందల డిగ్రీలు దాటేదాకా వేడి పెంచుతారు. గాజు కరిగి అచ్చు నిండాక చల్లార్చడం మొదలవుతుంది. కష్టమంతా అక్కడే. లోపలి గాజు, పై గాజు ఒకే తీరున చల్లారకపోతే వస్తువు ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. మందమైన శిల్పానికి చల్లార్పే రోజుల తరబడి సాగుతుంది. అలా వచ్చిన దిమ్మెలో రంగులు పొరలు పొరలుగా నిలిచి, లోపలి రూపాలు వెలుతురు పడ్డ వైపు నుంచి కనిపిస్తాయి. దేశంలో ఇలాంటి పని చేసేవారు తక్కువ. ఢిల్లీలో రేష్మీ డే నడిపే ‘గ్లాస్ సూత్ర’ వంటి గాజు ఊదే స్టూడియోలను కూడా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పాతబస్తీ లక్క గాజుకు ఇటీవల ఒక గుర్తింపు దక్కింది. క్రెసెంట్ హ్యాండీక్రాఫ్ట్ ఆర్టిజన్స్ వెల్ఫేర్ అసోసియేషన్ 2022లో చేసిన దరఖాస్తు మీద 2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలంగాణలో ఆ గుర్తింపు పొందిన 17వ వస్తువు అది. ఇకపై వేరే ఊళ్లో చేసిన గాజును హైదరాబాద్ లక్క గాజు అని అమ్మడం చట్టవిరుద్ధం. ప్లాస్టిక్, లోహపు గాజుల పోటీ మధ్య ఇది మంచి అండ. అయితే అది వస్తువు పేరును కాపాడుతుంది గాని, కుంపటి ముందు కూర్చున్న మనిషి కూలిని పెంచదు. ఆ పని దుకాణదారులు, ప్రభుత్వ హస్తకళల సంస్థలు చేయాలి. జత మీద చేసినవారి పేరు వేయడం మొదటి అడుగు కావచ్చు, దానికి ఖర్చూ లేదు.

పాపానాయుడుపేటకు అలాంటి గుర్తింపు మరింత అవసరం. లాడా పట్టడం, ముద్ద లాగడం చేతితో నేర్చుకునే విద్యలు. చదివి నేర్చుకోవడానికి వీలుకానివి. ఆ పని ఎరిగినవారు ఉండగానే మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి, వారి పేర్లతో సహా కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల పూసల పక్కన ప్రదర్శించే పనిని రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలూ కలిసి చేపట్టాలి.