ధర్మవరం అట్టలూ, మెమరీ కరువూ

ఈమధ్య హిందూపురం నుండి ధర్మవరానికి రైల్లో వెళ్లాను. దారిలో పెనుకొండ. 1565 తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న కొండకోట అక్కడిదే; 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారమూ ఆ ఊరి దగ్గరిదే. 2021లో చిప్పుల కరువు వచ్చి ప్రపంచమంతటా కార్ల తయారీ కుంటుపడినప్పుడు గాని, గోరంత సిలికాన్ బిళ్లకు అంత పలుకుబడి ఉన్నదని మనలో చాలామందికి తెలియలేదు. ఈసారి కరువు మరింత దగ్గరకు, ఇంట్లోకే వచ్చింది.

ధర్మవరంలో నేను వెళ్లింది పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక పాత మిత్రుని ఇంటికి. పూర్వం గ్రాఫు కాగితంపై గళ్లు నింపిన ఆ చేయే ఇప్పుడు కంప్యూటరు తెరపై నింపుతున్నది. ఆయన యంత్రంలో ఉన్నది 4 గిగాబైట్ల మెమరీ. కొంగు డిజైను కాస్త పెద్దదయితే చాలు, కదలక మెదలక కూర్చుంటుంది. మరో 8 గిగాబైట్లు కొందామని బెంగళూరు ఎస్.పి. రోడ్డుదాకా పోయి, ధర విని, వట్టిచేతులతో తిరిగివచ్చాడట.

“పట్టు రేటు పెరిగితే మగ్గం నిలబడిపోతాండె. ఇప్పుడు దీని రేటుకు కూడా నిలబడల్లా అప్పా?” అన్నాడు.

కారణం అందరికీ తెలిసిందే. ప్రపంచానికి కావలసిన మెమరీలో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలనుండే వస్తుంది. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన ఖరీదైన రకం వైపు అవి మళ్లాయి. 2025 డిసెంబరులో మైక్రాన్, క్రూషియల్ పేరిట సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే విరమించుకుంటున్నట్లు ప్రకటించింది.

మిత్రుని అటకమీద పాత అట్టల దండలు వేలాడుతున్నాయి. వాటిని చూస్తూ నేనొక లెక్క వేశాను. ఫ్రాన్సులో జాకార్డ్ 1804 ప్రాంతాన రూపొందించిన పద్ధతిలో, పేక ఒక్కసారి పోవడానికి ఒక అట్ట. చిల్లు ఉంటే కొక్కెం లేస్తుంది, లేకుంటే లేవదు. 240 కొక్కేల జాకార్డుకు 400 అట్టల డిజైను అనుకుందాం. అంటే 96,000 చోట్లు, 12,000 బైట్లు. బొంబాయి టాటా పరిశోధనాసంస్థలో 1960లో పని మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటరు ప్రధాన మెమరీ 2,048 పదాలు, పదానికి 40 బిట్లు. మొత్తం 10,240 బైట్లు. ఒక చీర డిజైను ఆ మహాయంత్రపు జ్ఞాపకశక్తిలో పట్టేది కాదన్నమాట!

ఆనాటి మెమరీ కూడా నేతపనే. సన్నని ఫెరైటు ఉంగరాలలోనుండి చేత్తో తీగలు దూర్చి అల్లేవారు, ఉంగరానికొక బిట్టు. చంద్రునిపైకి వెళ్లిన అపోలో కంప్యూటరు కార్యక్రమాలనయితే స్త్రీలు సూదితో గుచ్చారు. తీగ ఉంగరంలోనుండి పోతే ఒకటి, పక్కనుండి పోతే సున్న.

నేతగానికి అట్ట ఖర్చే, అట్టలు కొట్టే కూలీ ఖర్చే. కనుక అతడు పొదుపు కనిపెట్టాడు. అట్టల దండ ఒక చుట్టు తిరిగి మొదటికి వస్తుంది, బుటా మళ్లీ పుడుతుంది. ఒకే కొక్కేనికి చీర వెడల్పునా అనేక పడుగు పోగులు కట్టి ఒక పువ్వును పది చేస్తాడు. సగం నెమలిని గీసి, కట్టులోనే తిరగవేసి, అద్దంలో నీడలాగా మిగతా సగాన్ని రాబడతాడు. మనం సౌందర్యమని మురిసే పునరావృత్తిలో సగం పొదుపేనని నా అనుమానం.

మెమరీ కరువులు కొత్తవి కావు. 1986 నాటి అమెరికా-జపాను ఒప్పందం తరువాత 1988లో ఒకటి. 1993 జులైలో జపానులోని నీహామాలో, చిప్పులకు తొడుగువేసే రెజిను తయారుచేసే కర్మాగారం పేలి మరొకటి. 1999 సెప్టెంబరు 21న తైవానులో భూకంపం వచ్చినప్పుడు నేను హిందూపురంలో 64 మెగాబైట్ల ముక్క కొనబోతున్నాను. దుకాణదారుడు వారం తిరిగేసరికి మాట మార్చాడు. చేసేదిలేక పాత ముక్కనే ఊడదీసి, దాని బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చి ఏడాది నెట్టుకొచ్చాను.

మన లిపీ ఈ కరువులో పెరిగిన బిడ్డే. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ‘హిందూపురం’ 9 బైట్లలో ఇమిడేది. మనం నేడు వాడే యుటిఎఫ్-8 లో దానికి 27 బైట్లు. తెరనిండా డబ్బాలు చూసి విసిగిన మనవాళ్లెవరికీ ఈ మూడింతల ఖర్చు భారమనిపించి ఉండదు. అక్షరం అక్షరంలా కనబడితే అదే పదివేలు.

సాయంత్రం మిత్రుడు కొంగు డిజైను మళ్లీ తెరిచాడు. ఎదురెదురుగా రెండు నెమళ్లు. కుడివైపుదాన్ని పూర్తిగా చెరిపేశాడు. ఫైలు సగమైంది, యంత్రం కదిలింది. రెండో నెమలి సంగతి మగ్గం చూసుకుంటుందిలే అన్నాడు.