ఏ కాగితం ఎవరి పేరు మీద

2024 జూన్ మూడో ఆదివారం, విజయవాడ. ఆఫీసు నుంచి ఫారం-16 వచ్చేసింది. హాల్లో చాప పరిచాం. నాన్న బీరువా అడుగు అరలోంచి గుడ్డసంచీ తీసి బోర్లించారు. ఫ్యాన్ ఆపాల్సొచ్చింది, లేకపోతే ఒక్క రసీదు నిలవదు. ఉక్కకి అందరికీ చెమటలు. చాప మీద ఎల్‌ఐసీ రసీదులు, డిపాజిట్ బాండ్లు, స్కూలు ఫీజు చీటీలు, కరెంటు బిల్లులు, మధ్యలో ఎవరిదో శుభలేఖ.

"అన్నీ మనవేగా, ఒక్క ఫైల్లో పెట్టేయరా" అంటోంది అమ్మ.

ఇంటికి అన్నీ మనవే. ఆదాయపు పన్ను శాఖ మాత్రం పాన్ నంబరును బట్టి చూస్తుంది. అందుకే మూడు కుప్పలు వేస్తున్నాం: నాన్నది, అమ్మది, నాది.

మొదటి రసీదు దగ్గరే చెయ్యి ఆగింది. నాన్న పేరు మీది ఎల్‌ఐసీ పాలసీ, కట్టేది నేను. "నీ లెక్కలో వేసుకో" అంటారాయన. కుదరదు. సెక్షన్ 80సీ కింద నా పేరు, భార్య పేరు, పిల్లల పేరు మీది ప్రీమియాలే చెల్లుతాయి. అదే వాళ్లిద్దరికీ నేను కట్టే ఆరోగ్య బీమా అయితే 80డీ కింద నాకే వస్తుంది. తల్లిదండ్రులకు 60 దాటితే ఏడాదికి 50,000 వరకు. ప్రీమియం మాత్రం నగదుగా కట్టి ఉండకూడదు. ముందస్తు ఆరోగ్య పరీక్షలకైతే, ఆ పరిమితిలోనే, 5,000 దాకా నగదు ఇచ్చినా ఒప్పుకుంటారు.

ఆ పరీక్షల బిల్లు ఇదిగో. నున్నటి కాగితం, మెషిన్‌లోంచి వచ్చే రకం. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూస్తున్నాను. తేదీ కనిపిస్తోంది, మొత్తం సగం కనిపిస్తోంది, పేరున్న చోట లేత బూడిదరంగు మరక. ఈ కాగితం వేడికి వెలిసిపోతుంది. చేతికొచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోవాలి.

మా ఆవిడ స్కూలు రసీదులు చదువుతోంది: ట్యూషన్ ఫీజు, బస్సు, యూనిఫాం. 80సీకి పనికొచ్చేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. దాని కింద పెన్సిల్‌తో గీత గీసి నా కుప్పలో పెట్టింది.

ఇప్పుడు అమ్మ కుప్ప. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మిన డబ్బు ఆమె పేరునే డిపాజిట్ చేశాం. "నాకేం ఆదాయం ఉందిరా?" అంటూనే ఓటీపీ చెప్పింది. అమ్మ పాన్‌తో ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) తెరిచాను. ఏడాది వడ్డీ అంతా అక్కడ ఉంది. అమ్మలా 60 దాటినవాళ్లకి 2023-24లో ఒక బ్యాంకులో వడ్డీ 50,000 దాటితే పది శాతం టీడీఎస్ కోసేవాళ్లు. ఏప్రిల్‌లో 15హెచ్ ఫారం ఇచ్చుంటే కోసేవాళ్లు కాదు. నిజానికి ఆమె ఆదాయం అప్పటి మూడు లక్షల పరిమితి కంటే చాలా తక్కువ, కట్టాల్సిన పన్నే లేదు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే అమ్మ రిటర్ను వేయాలి. "అయితే వేసెయ్, నా డబ్బులు నాకు రానీ" అంటూ కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి జరిగింది.

రిటర్నుతోపాటు ఈ రసీదుల్లో ఏదీ పంపక్కర్లేదు, అడిగితే చూపించేలా ఉంటే చాలు. ఈసారి గడువు మాత్రం జులై 31. 2023-24 నుంచి మనం పాత విధానం ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. 80సీ, 80డీ కావాలంటే జీతగాళ్లు గడువులోపు వేసే రిటర్నులోనే పాత విధానం కోరుకోవాలి. తర్వాత ఆలస్య రుసుముతో రిటర్ను వేయొచ్చు కానీ పాత విధానం దొరకదు. నా కుప్పలోని రసీదులన్నీ అప్పుడు చిత్తుకాగితాలే.

మీ ఇంట్లోనూ అమ్మ పేరుతో డిపాజిట్ ఉంటే, మీ రిటర్ను కంటే ముందు ఆమె ఏఐఎస్ తెరిచి చూడండి.